ప్రపంచ పటము ఎవరి ప్రశ్నకు సమాధానము?

విజయవాడ గవర్నర్‌పేటలో, పుస్తకముల దుకాణములు గల వీధులలో జూన్ మాసమున నడచినవారికి ఒక దృశ్యము పరిచితమే. బడులు తెరచు దినములలో నోటుపుస్తకముల కట్టల నడుమ, పైనను క్రిందను కఱ్ఱబద్దలు తొడిగిన ప్రపంచ పటము గోడకు వ్రేలాడుచుండును. సముద్రమునకు నీలము, దేశమున కొక రంగు, పేర్లన్నియు తెలుగులో. ఉపాధ్యాయుడు దానిని కొని, చుట్టచుట్టి చంకన నిడుకొని పోవును. తరగతి గోడ నెక్కిన పిమ్మట అది చినిగిపోవు వఱకు దిగదు. ఆ ఊరి పిల్లలు లోకమనగా ఇట్లుండునని దానిని చూచియే నేర్చుకొందురు.

పాఠ్యపుస్తకములోని పద్యమును విమర్శించుటకుగాని, చరిత్రపాఠములో తప్పులు పట్టుటకుగాని పండితులు వెనుదీయరు. గోడపటమును మాత్రము ఎవ్వరును విమర్శింపరు. అది కొలిచి గీచినది గదా, కొలతకు అభిప్రాయ మెక్కడిది అను నమ్మకమే అందులకు కారణము. ఆ నమ్మకము సగమే నిజము. పటములోని ప్రతి బిందువును గణితమువలన వచ్చినదే. కాని ఏ గణితమును వాడవలెను, ఏ స్థలమును నడుమ నుంచవలెను, ఏ దిక్కును పైకి పెట్టవలెను, ఏ పేరు వ్రాయవలెను, దేనిని విడిచిపెట్టవలెను అనువానిని గణితము నిర్ణయింపదు. మనుష్యులే నిర్ణయింతురు. కావున పటము కూడ ఒక గ్రంథమే. గ్రంథమును చదివినట్లు దానిని చదువవలెను. ఇది ఎవరు, ఎందుకొఱకు, ఏ ప్రశ్నకు సమాధానముగా రచించిరని అడుగవలెను.

బత్తాయి తొక్క

భూమి గోళాకారము, కాగితము చదును. ఒక బత్తాయి పండు తొక్కను చినుగకుండ ఒలిచి, బల్లపై పరచి, అరచేతితో అదిమినచో ఏమగును? అంచులు చీలును, లేదా నడుము ఉబ్బును. తొక్కను సాగదీయకుండ, చీల్చకుండ చదును చేయుట సాధ్యము కాదు. దీనిని గణితశాస్త్రము నిరూపించినది. గోళముపైనున్న అక్షాంశ రేఖాంశముల వలను కాగితముపైకి దింపు పద్ధతికి ప్రక్షేపమని పేరు. ప్రక్షేపములు వందలకొలదిగా ఉన్నవి. వైశాల్యములను సరిగా చూపునవి కొన్ని, కోణములను సరిగా చూపునవి కొన్ని, ఒక కేంద్రమునుండి దూరములను సరిగా చూపునవి కొన్ని. వైశాల్యమును, కోణమును రెండింటిని అన్నిచోట్ల సరిగా చూపు చదునుపటము లేదు, ఉండబోదు.

కావున పటములో వక్రత ఉన్నదా లేదా అను ప్రశ్నకు అర్థము లేదు. ఏది చెడకుండుటకై ఏది చెడనిచ్చిరి, ఆ నష్టము ఎవరి పాలబడినది అనునదే అడుగదగిన ప్రశ్న.

నావికుని పటము బడికి వచ్చుట

తరగతి గోడలపై తఱచుగా కనబడు పటమునకు మూలపురుషుడు గెరార్డస్ మెర్కేటర్. ఇతడు 1512లో ఫ్లాండర్సు ప్రాంతమున జన్మించి, 1569లో జర్మనీయందలి డ్యూస్‌బర్గ్ నగరమున తన ప్రసిద్ధ పటమును ప్రకటించెను. అది నావికుల ఉపయోగమునకని పటము పేరులోనే చెప్పెను. దిక్సూచి సూదిని ఒకే కోణమున నిలిపి ఓడను నడుపు నావికునకు తన మార్గము కాగితముపై సరళరేఖగా కనబడవలెను. అందులకై మెర్కేటర్ రేఖాంశములను సమాంతరముగా నిలిపెను. గోళముపై అవి ధ్రువములవైపు దగ్గరగును. కాగితముపై ఆ దగ్గరతనము పోయి తూర్పుపడమరలు సాగినవి. కోణములు చెడకుండుటకై ఆయా చోట్ల ఉత్తరదక్షిణములను గూడ అంతే సాగదీసెను. తన ప్రయోజనమునకు అది చక్కని ఉపాయము.

ఆ ఉపాయమునకు మూల్యమెంత? 60వ అక్షాంశమువద్ద ప్రతి పొడవును రెట్టింపగును, వైశాల్యము నాలుగింతలగును. 75వ అక్షాంశమువద్ద వైశాల్యము సుమారు పదునైదింతలు. విజయవాడ 16½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. అక్కడ వైశాల్యము నూటికి తొమ్మిదివంతులు మాత్రమే పెరుగును. అనగా పటము చలిదేశములకు ధారాళముగా భూమిని పంచి, ఉష్ణదేశములకు ఉన్నంతే ఉంచినది.

ఫలితమును గోడపటముపైననే చూడవచ్చును. గ్రీన్‌లాండు ఆఫ్రికా ఖండమంత కనబడును. నిజమునకు గ్రీన్‌లాండు వైశాల్యము సుమారు 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా మూడు కోట్లకు పైబడినది, అనగా దానికి పదునాలుగు రెట్లు. భారతదేశము సుమారు 32 లక్షల 87 వేల చదరపు కిలోమీటర్లు. గ్రీన్‌లాండునకు ఒకటిన్నర రెట్లు. కాని ఏ తరగతిలోనైనను ఈ పటమును చూపి రెండింటిలో ఏది పెద్దదని అడిగినచో పిల్లలు గ్రీన్‌లాండునే చూపుదురు. వారి కన్ను తప్పుచేయలేదు. పటము చూపినదానినే చూచినది.

మరియొక సంగతి. పూర్వపు గోడపటములు పెక్కింటిలో దక్షిణపు మంచుఖండమును చాలవఱకు కత్తిరించి, ఉత్తరమున మాత్రము పై అంచు వఱకు గీయుట వాడుక. దానివలన భూమధ్యరేఖ కాగితమునకు మధ్య నుండదు, క్రిందికి జారును. పేరు మధ్యరేఖ, చోటు మధ్య కాదు. దారము పట్టుకొని తరగతిలోని పటముపై కొలిచినచో ఈ లక్షణమున్నదో లేదో ఎవరికైనను తెలియును.

ఇంత చెప్పి మెర్కేటర్‌ను దోషిగా నిలుపుట న్యాయము కాదు. ఆయన నావికుని ప్రశ్నకు సమాధాన మిచ్చెను. ఆ సమాధానమును తెచ్చి, దేశముల పరిమాణములు నేర్చుకొను బాలుని ముందు పెట్టినవారిదే తప్పు. నేడు చేతిఫోనులోని పటములు కూడ చాలవఱకు మెర్కేటర్ పద్ధతినే స్వల్ప భేదముతో వాడుచున్నవి. అందులో దోషము లేదు: గవర్నర్‌పేట వీధిమలుపు భూమిపై ఎంత కోణమున తిరుగునో తెరపైనను అంతే తిరుగవలెను గదా. వీధి వెదకునపుడు నమ్మదగిన పటమే, వ్రేళ్ళతో దగ్గరకు నొక్కి లోకమంతయు చూడబోయినపుడు నమ్మరానిదగును. ఈ కారణముచేతనే గూగుల్ సంస్థ 2018లో కంప్యూటరు తెరలపై లోకమంతయు చూచువారికి గోళమునే చూపసాగెను.

న్యాయము చేయబోయిన పటము

జర్మను చరిత్రకారుడు ఆర్నో పీటర్సు 1973లో ఒక పటమును ప్రకటించి, ఐరోపావారి అహంకారమునకు ఇదే విరుగుడని చాటెను. ఈ పద్ధతిని జేమ్స్ గాల్ అను స్కాట్లండు మతాచార్యుడు 1855లోనే ప్రతిపాదించెను. అందుచే దీనికి గాల్–పీటర్సు అను జంటపేరు వచ్చినది. ఇందులో ప్రతి దేశమునకు దాని వైశాల్యమునకు తగిన చోటే లభించును. ఆఫ్రికా తన పరిమాణముతో నిలుచును, గ్రీన్‌లాండు ముడుచుకొనిపోవును. 2017లో అమెరికాలోని బోస్టన్ నగరపు ప్రభుత్వ పాఠశాలలు దీనిని తరగతులలో ప్రవేశపెట్టెను.

ఇదియు విమర్శకు అతీతము కాదు. కృష్ణా డెల్టాలో నలుచదరముగా గట్లు వేసిన వరిమడి నొకదానిని ఊహింపుడు. గాల్–పీటర్సు లెక్క ప్రకారము 16½ డిగ్రీల అక్షాంశమున ఆ మడి వెడల్పు నూఱుపాళ్ళైనచో ఎత్తు 184 పాళ్ళగును. చదరపు మడి నిలువుదూలమువలె సాగును. భూమధ్యరేఖయొద్ద ఎత్తు వెడల్పునకు రెట్టింపు. మఱి ఆకారములు చెడకుండ ఉండు చోటేది? 45వ అక్షాంశము. ఉత్తరార్ధగోళమున ఇటలీలోని మిలాను, వెనీసు నగరములు, ఫ్రాన్సులోని బోర్డో నగరము ఆ రేఖకు దాపున ఉన్నవి. పేదదేశములకు న్యాయము చేయబోయిన పటము వానికి భూమిని తూచి యిచ్చి రూపమును చెఱిపెను. రూపమును మాత్రము ఐరోపాకే మిగిల్చెను. ఉద్దేశము మంచిదైనంతమాత్రమున గణితము వశపడదు.

వైశాల్యమును కాపాడుచు, ఆకారములను మరీ చెడనీయకుండుటకై 2018లో ముగ్గురు పటశాస్త్రజ్ఞులు సమభూమి అను అర్థముగల పేరుతో ఈక్వల్ ఎర్త్ అను ప్రక్షేపమును రచించిరి. పాఠశాలలలోను కార్యాలయములలోను మెర్కేటర్‌కు బదులుగా దీనిని వాడవలెనను ఉద్యమమునకు 2025 ఆగస్టులో ఆఫ్రికా యూనియన్ మద్దతు తెలిపినది. గోడపటము సంగతి ఖండాంతర రాజకీయ చర్చ వఱకు వచ్చినదనగా, అది కేవలము కాగితము సంగతి కాదని తెలియుచున్నది.

నడుమ నిలుచు హక్కు

పరిమాణము తరువాత ప్రశ్న స్థానమునకు సంబంధించినది. గోళమునకు నడిమిచోటు లేదు, కాగితమునకు ఉన్నది. ఆ చోట ఎవరు నిలుతురు?

పురాణములలో జంబూద్వీపము నడుమ మేరువు, దానికి దక్షిణమున భారతవర్షము, జంబూద్వీపమును చుట్టి ఉప్పు, చెఱకురసము, మద్యము, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీరు అను సప్తసముద్రములు చెప్పబడినవి. దీనిని చూచి నవ్వుట సులభము. కాని అది ఓడనడుపువానికై గీచిన పటము కాదు; పుణ్యపాపములు, కర్మఫలములు ఎచ్చట ఎట్లు ఫలించునను ప్రశ్నకు సమాధానము. అందుచే భారతవర్షము కర్మభూమియైనది, తక్కినవి భోగభూములైనవి. తన దేశమును అందఱికంటె ముఖ్యముగా నిలుపుకొనుట ఐరోపావారు కనిపెట్టినది కాదని దీనివలన తేలుచున్నది. అయినను ఆ పురాణములే కృష్ణానది సహ్యపర్వతపాదమున పుట్టునని సరిగా చెప్పినవి.

అదే దేశమున జ్యోతిస్సిద్ధాంతకర్తల లోకచిత్రము వేఱు. ఆర్యభటుడు మొదలైనవారికి భూమి గోళమే. మేరువు ఉత్తరధ్రువము, భూమధ్యరేఖపై లంక, దానికి తొంబదేసి డిగ్రీల దూరమున యమకోటి, సిద్ధపురము, రోమకము. లంకనుండి ఉజ్జయిని మీదుగా పోవు యామ్యోత్తర రేఖయే వారికి సున్న రేఖాంశము. గణితము ఉజ్జయినికి చేసి, ఊరూరికి దేశాంతర సంస్కారము కలుపుకొనుట పంచాంగకర్తల సంప్రదాయము. విజయవాడ ఉజ్జయినికి దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున ఇక్కడి మధ్యాహ్నము సుమారు ఇరువది నిమిషములు ముందు వచ్చును. అరబ్బు పండితులు కూడ ఈ ఉజ్జయినిని గ్రహించి, పలుకుబడి మారి అరీన్ అని పిలిచి, భూమికి శిఖరముగా ఎంచిరి. ఒక సంస్కృతికి ఒకే పటమని చెప్పుట ఎంత తప్పో ఇందువలన గ్రహింపవచ్చును. పురాణికుడు, గణకుడు ఒకే ఊరివారై ఉండవచ్చును. వారి ప్రశ్నలు వేఱు.

పైదిక్కు సంగతియు ఇట్టిదే. అల్ ఇద్రీసీ 1154లో సిసిలీ రాజైన రోజర్ కొలువున ముగించిన పటములో దక్షిణము పైన, ఉత్తరము క్రింద. 1602లో పీకింగు నగరమున మత్తెయో రిచ్చి అను జెస్యూటు మతగురువు చైనీయుల సహాయముతో ముద్రించిన పటములో చైనా మధ్యభాగమునకు చేరువకు వచ్చినది. అమెరికా కుడివైపునకు తరలినది. తమ దేశమును మధ్యరాజ్యమని పిలుచుకొను ప్రజలు దానిని మూల నుంచిన పటమును ఆదరింపరని అతడు గ్రహించెను. 1979లో ఆస్ట్రేలియా దేశీయుడైన స్టువర్టు మెకార్థర్ దక్షిణమును పైకి పెట్టి, తన దేశమును నడినెత్తిన నిలిపిన పటమును ప్రకటించెను. తలక్రిందుగా ఉన్నదని చూచినవారు నవ్విరి. ఆకాశమున తేలు గోళమునకు పైనెక్కడ, క్రిందెక్కడ?

గ్రీనిచ్ మాట 1884 అక్టోబరులో తేలినది. వాషింగ్టన్ నగరమున 25 దేశముల ప్రతినిధులు కూడి, 22 ఓట్లతో గ్రీనిచ్ యామ్యోత్తర రేఖను సున్న రేఖాంశముగా అంగీకరించిరి. ఒక దేశము కాదనెను. ఫ్రాన్సు, బ్రెజిలు తటస్థముగా ఉండెను. నాటికే ప్రపంచ నౌకావ్యాపారములో అధికభాగము గ్రీనిచ్ లెక్కలు గల పటములనే వాడుచుండుట దీనికి కారణము. భారతదేశమునకు స్వతంత్రముగా స్థానము లేదు. బ్రిటిషు ప్రతినిధివర్గములో ఇండియా కౌన్సిలు సభ్యుడగు జనరల్ స్ట్రేచీ ఉండుటయే ఆనాటి ప్రాతినిధ్యము. లెక్కకు ఏదో ఒక రేఖ సున్న కావలెను; అందఱును ఒకదానినే వాడుట మేలు. కాని గ్రీనిచ్ లెక్కకు సున్న అయినంతమాత్రమున కాగితమునకు నడుమ నుండవలెనను నియమము లేదు. 1906లో అమలునకు వచ్చిన భారత ప్రామాణిక కాలము కాకినాడ సమీపమునుండి పోవు 82½ డిగ్రీల రేఖను ఆధారముగా గొన్నది. ఆ రేఖను నడుమ నుంచి ప్రపంచ పటమును గీచినను లెక్కలో ఒక్క అంకె మారదు.

కృష్ణా ముఖద్వారము పటములలో

ఇక ఒకే చోటును వేర్వేరు పటములలో చూడవలెను. కృష్ణానది సముద్రమున గలియు చోటు అందులకు తగినది.

క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున టాలెమీ రచించిన భూగోళ గ్రంథములో మైసోలియా దేశము, మైసోలస్ నది కలవు. ఆ నది కృష్ణయేనని పెక్కుమంది పండితుల అభిప్రాయము. అక్కడి కంటకస్సిల అను రేవు నేటి ఘంటసాల, శాసనములలోని కంటకసేల. అంతేకాక, సువర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడిచి నడిసముద్రమునకు మరలు చోటును గూడ టాలెమీ ఈ తీరముననే చెప్పెను. ఇన్ని వివరములు తెలిసినవాడు దక్షిణాపథపు ఆకారమును మాత్రము పూర్తిగా చెఱిపెను. ద్వీపకల్పము ముందుకు పొడుచుకొని రాలేదు. తీరము దాదాపు పడమటినుండి తూర్పునకు చదునుగా సాగినది. సింహళము ఉన్నదానికంటె ఎన్నో రెట్లు పెరిగినది. వర్తకులును నావికులును చెప్పిన వార్తలే ఆయనకు ముఖ్యాధారము. వర్తకునకు రేవు తెలియును, సరకు తెలియును. దేశపు ఆకారముతో అతనికి పనిలేదు.

పదునేడవ శతాబ్దమున ఐరోపా కంపెనీల పటములు వచ్చినవి. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్టణమునకు చేరిరి. ఆంగ్లేయులు వచ్చిన ఓడ పేరు గ్లోబ్, అనగా గోళము. ఆ కాలపు పటములలో తీరమువెంబడి రేవుల పేర్లు క్రిక్కిరిసి ఉండును. లోపలి నేల పలుచగా, కొన్నిచోట్ల ఖాళీగా ఉండును. ఖాళీ కాగితముపైననే, డెల్టాలో పల్లెలు, చెఱువులు, దేవాలయములు ఉండనే ఉండెను. సరకు దింపు చోటు కానిది కంపెనీ పటమునకు లేనట్లే. పేర్లలోనూ ఇదే తీరు: మచిలీపట్టణము మసూలిపటమైనది, చోళమండలమునుండి వచ్చిన కోరమాండల్ అను పేరు చోళదేశము కాని ఆంధ్రతీరమునకు గూడ అంటినది.

పందొమ్మిదవ శతాబ్దారంభమున సర్వే పటములు వచ్చినవి. 1815లో భారతదేశమునకు ప్రథమ సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ అంతకుముందు గుంటూరు ప్రాంతమును, నిజాము రాజ్యభాగములను కొలిచినవాడు. ఆయన వెంట ఏలూరునకు చెందిన సోదరులు కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి పనిచేసిరి. ఊరూర కరణములను, పెద్దలను అడిగి వ్రాయించిన కైఫియతులు ఆ కృషివలన నిలిచినవి. సర్వే పటములో ఊరు ఒక చుక్క. కైఫియతులో ఆ ఊరికి చెఱువు త్రవ్వించినదెవరు, మాన్యము లిచ్చినదెవరు, ఊరు పాడుపడి తిరిగి నిలిచినదెప్పుడు అను సంగతులుండును. పటము పన్నువేయువానికి, సైన్యము నడుపువానికి. కైఫియతు ఊరు తన్ను తాను చెప్పుకొనుట. 1803లో బొఱ్ఱయ్య మరణించెను. రామస్వామి 1828లో కలకత్తాలో ప్రకటించిన గ్రంథము ప్రాచీన దక్కను పటమునకు తోడుగా చదువుటకై ఆంగ్లమున వ్రాసినది. పటములోని చుక్కలకు కథలను జతచేయవలెనను తలపు ఒక తెలుగువానికి రెండువందల ఏండ్ల క్రిందటనే కలిగినదన్నమాట. నేటి గోడపటములకు ఆ తోడుపుస్తకమే కొఱవడినది.

తెలుగు అక్షరములు, ఆంగ్లపు పలుకులు

గోడపటము తెలుగులో ఉన్నదనుట గూడ సగమే నిజము. లిపి తెలుగు; పేర్లు ఆంగ్లమునుండి వచ్చినవి. ఫ్రెంచివారు పారీ అనుదానిని తెలుగు పటము పారిస్ అనును. రష్యనుల మస్క్వా మాస్కో అగును. డాయిచ్‌లాండ్ జర్మనీ అగును. కలాల్లిత్ నునాత్ అని అక్కడివారు పిలుచుకొను దేశము గ్రీన్‌లాండు అగును. వాడుకలో స్థిరపడిన పేర్లను ఇప్పుడు పెఱికివేయనక్కఱలేదు. కాని బెజవాడను బెజ్వాడయని, మచిలీపట్టణమును మసూలిపటమని ఇతరులు వ్రాసినపుడు నొచ్చుకొన్నవారు, ఇతరుల ఊళ్ళను తాము ఎవరి నోట విని వ్రాయుచున్నారో తెలిసియుండవలెను. పక్కన చిన్న అక్షరములతో అక్కడివారి పేరును గూడ వేయుట కష్టమైన పని కాదు.

గీత దాటిన సముద్రము

పటమునందలి తీరరేఖను పిల్లలు కొండగట్టువలె స్థిరమైనదని తలంతురు. 1977 నవంబరు 19న దివిసీమలో సముద్రము ఆ గీతను దాటి ఊళ్ళపై బడినది, వేలమంది మరణించిరి. దేశపు రంగులు చూపు పటములో దివిసీమకును కొండపల్లి గుట్టలకును భేదము లేదు. రెండును ఒకే రంగు. నేల ఎత్తును చూపు పటము మాత్రము ఆ భేదమును మొదటి చూపులోనే చెప్పును. రాజ్యముల హద్దులు మాత్రమే నేర్పు తరగతిలో, సముద్రమట్టమునకు తన ఊరెంత ఎత్తున నున్నదో తెలియని బాలుడు పెరుగును. పటము అడుగని ప్రశ్నవలన ఎట్టి నష్టము కలుగునో తీరవాసులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

విజయవాడను నడుమ నుంచినచో

చివరకు విజయవాడనే నడుమ నుంచి, అక్కడినుండి అన్ని దూరములు సరిగా వచ్చునట్లు పటము గీచినచో ఏమి కనబడును? రంగూను సుమారు 1,650 కిలోమీటర్లు, శ్రీనగరము 2,040 కిలోమీటర్లు, బాంకాకు 2,150 కిలోమీటర్లు. శ్రీనగరము కంటె రంగూను దగ్గర! గ్రీనిచ్ నడుమగా గల పటములో బంగాళాఖాతము కుడిప్రక్కకు నెట్టబడిన చిన్న మడుగు. ఈ పటములో అది తెలుగువారి నడివాకిలి. టాలెమీ ఓడలు సువర్ణభూమికి ఈ తీరమునుండియే ఎందుకు మరలెనో, తెలుగు కూలీలు వర్తకులు బర్మాకు ఎందుకు పోయిరో, కోరంగి రేవు పేరుమీదుగా అక్కడ తెలుగువారికి కోరంగీలు అను పేరెట్లు వచ్చినదో ఒక్క చూపులో బోధపడును.

శాన్‌ఫ్రాన్సిస్కోకు దారియు మారును. మెర్కేటర్ పటముపై సరళరేఖ గీచినచో దారి దాదాపు నేరుగా తూర్పునకు, పసిఫిక్ సముద్రము మీదుగా పోవును. దాని పొడవు 15,500 కిలోమీటర్లకు పైన. గోళముపై దారము బిగించి చూచినచో అతిసమీప మార్గము విజయవాడనుండి ఉత్తరమునకు కొంచెము తూర్పుగా బయలుదేరి, చైనాను సైబీరియాను దాటి, 69వ అక్షాంశము దాటువఱకు ఎక్కి, అలాస్కా మీదుగా దిగును. పొడవు సుమారు 13,500 కిలోమీటర్లు. అమెరికాలోని బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులకు విమానము మంచుకొండలమీదుగా ఎందుకు పోవుచున్నదో గోడపటము చెప్పలేదు. రెండణాల దారము చెప్పును.

అట్లని ఈ పటము సత్యస్వరూపము కాదు. విజయవాడకు సరిగా అడుగున ఉండు స్థలము పెరూకు పడమట పసిఫిక్ సముద్రములోని ఒక బిందువు. ఈ పటములో ఆ బిందువు అంచంతయు సాగి పెద్ద వలయమగును. దక్షిణ అమెరికా గుర్తుపట్టరానంతగా వంగిపోవును. నడుమ నున్నవారి సౌకర్యమునకు అంచున నున్నవారు మూల్యము చెల్లింతురు. అంచున గ్రీన్‌లాండు ఉన్నను పెరూ ఉన్నను ఈ న్యాయము మారదు.

తరగతికి కావలసినది

కావున ఒక పటమును దింపి మరియొకదానిని ఎక్కించుటతో పని పూర్తికాదు. కొత్తపటమును గూడ పిల్లలు పాతదానివలెనే గ్రుడ్డిగా నమ్ముదురు. తరగతిలో ముందుగా ఒక గోళముండవలెను. గోడపై ఒకటికి రెండు ప్రపంచ పటము లుండవలెను: ఒకటి వైశాల్యమును కాపాడునది, ఒకటి కోణమును కాపాడునది. రెండును ప్రక్కప్రక్కన వ్రేలాడినపుడు ఏది నిజమని పిల్లలు తప్పక అడుగుదురు. ఉపాధ్యాయుడు కోరవలసినది ఆ ప్రశ్నయే. పటమును అచ్చువేయువారు మూలలో ప్రక్షేపము పేరును, అది ఏమి కాపాడినదో ఏమి చెఱిపినదో రెండు పంక్తులలో వ్రాయవలెను. మందుసీసాపై మందు పేరు, మోతాదు వ్రాయుట విధియైనప్పుడు పటమునకేల విధి కాకూడదు?

జూన్ మాసమున గవర్నర్‌పేట దుకాణమునకు వచ్చు ఉపాధ్యాయునకు పటము ఖరీదు ఎంత అని అడుగుట అలవాటే. దానితోపాటు ఇది ఏ ప్రక్షేపమని కూడ అడిగినచో, ఒకటి రెండేండ్లలో అమ్మువారును అచ్చువేయువారును సమాధానము వెదకుకొందురు. అడుగువారు లేకుండుటయే ఇన్నాళ్ళును ఆ పటమునకు రక్ష.